చేదు వెయ్యని గ్లాసు

మొన్న మిర్చి యార్డులో తేజ రకం బస్తాకు కత్తి పెట్టి కోయగానే తుమ్మొచ్చింది. ముప్పై ఏళ్లుగా మిరపకాయల మధ్య బతుకుతున్నవాణ్ణి, తుమ్మడం నాకు కొత్త కాదు. కానీ ఈ మధ్య తుమ్మినప్పుడల్లా ఆయన గుర్తొస్తున్నాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్లను జనం ఫోటో చూసి తలుచుకుంటారు, పాట విని తలుచుకుంటారు. తుమ్మి తలుచుకునే ఖర్మ నాకే పట్టింది.

ఆయన పేరు చెప్పను. చెబితే దర్శి వైపు వాళ్ల ఊళ్లో నలుగురు మళ్లీ నోరు పారేసుకుంటారు. ఇప్పటికి పారేసుకున్నది చాలు. గుంటూరులో మా యార్డు రోడ్డు మీద ఒక బార్ అండ్ రెస్టారెంటు ఉంది. అందులో కౌంటరు వెనక నిలబడేవాడు. మద్రాసులో ఓ పెద్ద హోటల్లో పాతికేళ్లు అదే పని చేసి, భార్యకు ఒంట్లో బాగుండక ఇటు వచ్చేశాడు. వారమంతా ఇక్కడ, శనివారం బస్సెక్కి ఊరికి, ఆదివారం గుడి, సోమవారం పొద్దున మళ్లీ ఇక్కడ.

నేనేమో ఒక కమీషన్ కొట్లో సరుకు చూసే మనిషిని. రైతు తెచ్చిన బస్తాలోంచి నాలుగు కాయలు తీసి, విరిచి, వాసన చూసి, ఒక గింజ నాలిక మీద వేసుకుని, ఇది మేలు, ఇది తేమ, ఇది తాలు అని చెప్పాలి. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. కాయ తాలైతే తాలనే చెప్పాను. ఎదురుగా రైతు మొహం వాడిపోతుంటే కూడా చెప్పాను. ఆ సంగతిలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు?

బేరాలు అయిపోయాక, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆ బారుకు వెళ్లేవాణ్ణి. మొదటిరోజు నేను కౌంటరు దగ్గరకు వెళ్లగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీ చొక్కా ముందు వచ్చింది సార్, మీరు తర్వాత వచ్చారు" అన్నాడు. "ఆ చివర కూచోండి, ఏమనుకోకండి. ఈ ఘాటుకు నా పని చెడుతుంది."

నాకు ఒళ్లు మండింది. యార్డు రోడ్డులో పనికి చేరి మిరపకాయ వాసన పడదంటే ఎలా? అడిగితే నవ్వి, చివర బల్ల తుడిచి కుర్చీ లాగాడు. తర్వాత తెలిసింది, ఆయన పౌడరు రాయడు, తలకు వాసన నూనె పెట్టడు, బట్టల సబ్బుతోనే స్నానం చేస్తాడు. అగరుబత్తి వెలిగించొద్దని ఓనరుతో పోట్లాడి గెలిచినవాడు కూడా ఆయనొక్కడే. అంతా ముక్కు కోసం.

ఎందుకంటే ఆయన తాగడు. జీవితంలో ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. వాళ్ల నాన్న సారా తాగి తాగి పోతే, పదహారేళ్లప్పుడు బాప్తిస్మం తీసుకున్న రోజున వాళ్లమ్మ సంఘం ముందు నిలబెట్టి బైబిలు మీద చెయ్యి వేయించింది. ఆ తర్వాత మద్రాసులో గిన్నెలు కడిగే పనికి చేరితే తీసుకెళ్లి బార్లో పడేశారు. భయపడి అమ్మకు ఉత్తరం రాశాడట. ఆవిడ వాళ్ల పాస్టరు చేత జవాబు రాయించింది.

"ఏం రాయించిందండీ?" అన్నాను.

"నోటికి ప్రమాణం చేశావు గానీ ముక్కుకు చెయ్యలేదు కదరా, పని చేసుకో అని."

అంతే, ఆ మాట పట్టుకుని ఆయన ముక్కుతోనే బతికాడు. ఏది కలిపినా గ్లాసును ముఖం ముందు మూడుసార్లు తిప్పేవాడు, పిల్లలకు దిష్టి తీసినట్టు. మూడోసారికి కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచి గ్లాసు ముందుకు జరిపితే సరిపోయినట్టు, జరపకపోతే ఒంపేసి మళ్లీ కలిపేవాడు.

కలపడమంటే ఇక్కడ ఏం కలుపుతారు? యార్డు దగ్గర తాగేవాళ్లకు పెగ్గూ సోడా, నంజుకోవడానికి వేయించిన పల్లీలు. అంతకు మించి అడిగిన పాపాన పోలేదు ఎవరూ. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే తాటిబెల్లం పాకం పట్టి ఒక సీసాలో పోసుకునేవాడు. తాటిబెల్లం చీరాల నుంచి ఎవరి చేతనో తెప్పించేవాడు. ఇంకో చిన్న సీసాలో చేదు. నేలవేము, ఎండబెట్టిన బత్తాయి తొక్కలు, లవంగం, దాల్చిన చెక్క అన్నీ ఘాటైన రమ్ములో నలభై రోజులు నానబెట్టి వడకట్టిన చేదు. ఎవరైనా కాస్త తీరిగ్గా కనిపిస్తే పాఠం మొదలుపెట్టేవాడు. అందుకే నేను మాస్టారూ అని పిలిచేవాణ్ణి.

"ఇది ఓల్డ్ ఫ్యాషన్డ్ సార్. పాత పద్ధతిది. రెండొందల ఏళ్ల కింద అమెరికాలో కాక్‌టెయిల్ అంటే ఇదే. సారా, పంచదార, కాసిని నీళ్లు, చేదు. అంతే. తర్వాత తెలివైనవాళ్లు పుట్టారు. అందులో ఆ రసం, ఈ రసం, నానా చెత్తా పోశారు. అప్పుడు ముసలాళ్లకు విసుగొచ్చి, ఇవన్నీ కాదు బాబూ, మాకు పాత పద్ధతిలో ఇయ్యి అన్నారు. అదే పేరైపోయింది."

"ఎవరు కనిపెట్టారండీ?"

"అక్కడ ఒక ఊరి క్లబ్బువాళ్లు మేమే అంటారు. వాళ్ల క్లబ్బు పుట్టకముందే ఇది ఉంది సార్. మన ఊరగాయ ఎవరు కనిపెట్టారంటే ఏం చెబుతాం?"

ఇక రకాలు. అమెరికాలో మందు మీద నిషేధం పెట్టినప్పుడు దొంగసరుకు కంపు కప్పడానికి కమలాపండు, చెర్రీ వేసి గ్లాసులోనే నలిపారంటారట. నిషేధం పోయింది గానీ నలపడం పోలేదట. అక్కడే ఉత్తరాన ఒక రాష్ట్రంలో విస్కీ బదులు బ్రాందీ పోసి, పైన తియ్యసోడా కూడా పోస్తారట. ఆ మాట చెప్పేటప్పుడు చుట్టాలింట్లో జరిగిన తప్పు చెబుతున్నట్టు గొంతు తగ్గించేవాడు. ఒకరు రమ్ము పోస్తారు, ఒకరు మెక్సికో సారా పోస్తారు, ఒకరు గ్లాసుకు పొగ పడతారు.

"ఏం పోసినా సరే, చేదు మాత్రం మానరు సార్. చేదు తీసేస్తే ఇంకేముంది, తీపి విస్కీ. దగ్గుమందు."

"మాస్టారూ, ఇక్కడ మావాళ్లకు సోడాలో గ్యాసుంటే చాలు. గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన అన్నారు. ఎవరికోసం ఈ అవస్థంతా?"

"గాడిదకు తెలీకపోతే గంధం గంధం కాకుండా పోద్దా సార్?"

నిజానికి ఆ గ్లాసు అడిగేవాళ్లం ఇద్దరమే. ఒకడు నేను. రెండో ఆయన పొగాకు కంపెనీలో ఆఫీసరు చేసి రిటైరైన పెద్దాయన. గురువారం గురువారం మధ్యాహ్నం గొడుగేసుకుని వచ్చేవాడు, ఒకే గ్లాసు గంటసేపు తాగేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. లేచేటప్పుడు మాస్టారి వైపు చూసి తల ఊపేవాడు. ఆ తల ఊపు కోసం ఈయన వారమంతా ఎదురుచూసేవాడంటే నమ్మండి.

కొన్నాళ్లు మా దగ్గర దొరికిన విస్కీల గురించి మాట్లాడకపోవడమే మంచిది. ఎవరూ వినని పేర్లు. ఆయన వాటిని కూడా మనిషిని చేసేవాడు. సరుకు తాలైతే చేదు రెండు చుక్కలు ఎక్కువ వెయ్యాలి సార్ అని నా భాషలోనే చెప్పేవాడు. ఒకరోజు నేను జేబులోంచి తేజ కాయ తీసిచ్చి, దీంతో ఏమన్నా చెయ్యండి చూద్దాం అని ఎగతాళి చేశాను. ఆయన దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, చీల్చి, గింజలు దులిపి, గ్లాసులో ముంచి ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టి తీసేశాడు. తాగాను. ముందు తాటిబెల్లం, తర్వాత చేదు, ఆ చేదు దిగాక గొంతులో సన్నగా వెచ్చదనం. ఒంగోలు వైపు వేడి పెట్టి పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్కనుంచి నడుస్తుంటే తగిలే వెచ్చదనం అది. ఆ గ్లాసుకు గుంటూరు రకం అని పేరు పెట్టాడు. ప్రపంచంలో దాన్ని తాగింది నేనూ, ఆ పెద్దాయనా. మూడో మనిషి లేడు.

తర్వాత కరోనా రెండోసారి వచ్చింది. ఆయనకూ వచ్చింది, తగ్గింది. బార్లు తెరిచాక మళ్లీ కౌంటరు వెనక నిలబడ్డాడు. అంతా మామూలుగానే ఉందనుకున్నాను.

ఆ మరుసటి సీజనులో ఒకరోజు ఆయన యార్డుకు వచ్చాడు. అన్నేళ్లలో యార్డులో అడుగుపెట్టని మనిషి. నేను ఒక లాటు దగ్గర ఉన్నాను. కూలీ బస్తా కోసి కుమ్మరించాడు. ఆ ఏడు కాయ మహా ఘాటు. రైతు తుమ్మాడు, కూలీ తుమ్మాడు, నలభై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న కాటా మనిషి కళ్లనీళ్లు పెట్టుకుని పక్కకు పోయాడు. నేను వరసగా ఆరు తుమ్మాను. తలెత్తి చూస్తే మాస్టారు ఆ రాశి మీదకు ఒంగి నిలబడి ఉన్నాడు. ఒక కాయ విరిచి ముక్కుకు ఆనించి పెట్టుకున్నాడు. కంట్లో చెమ్మ లేదు. ముఖంలో ఏమీ లేదు.

రాశి చుట్టూ తిరిగి ఆయన పక్కకు వెళ్లాను.

"ఎన్నాళ్లయింది మాస్టారూ?"

"జబ్బు చేసిన దగ్గర్నుంచీ సార్. వస్తదన్నారు డాక్టరుగారు. రోజూ పొద్దున లవంగం, నిమ్మతొక్క, కర్పూరం వాసన చూడమన్నారు. చూస్తన్నా. ఇంతకంటే ఘాటైంది లోకంలో లేదు గదా అని ఇక్కడికొచ్చా. ఇదీ లేదు." కాయను మెల్లగా రాశి మీద పెట్టాడు. "నోటికీ అంతే. అన్నం తిన్నా ఇసక తిన్నా ఒకటే."

బారుకు ఆయన ముక్కుతో పని లేదు. పెగ్గు కొలిచి పోయడానికి కళ్లుంటే చాలు, ఓనరుకు ఈనాటికీ ఆ సంగతి తెలియదు. కానీ ఆయనకు ఆ గ్లాసు ఒక్కటే ఉంది. మద్రాసులో సంపాదించుకొచ్చింది అదే, తాగనని చెయ్యి వేసినా దేవుడు తనకు వదిలిపెట్టింది అదే అనుకునేవాడు. అది సరిగ్గా ఉందో లేదో చెప్పే మనిషి కావాలి. నన్నడిగాడు.

"మీది నిజం చెప్పే ముక్కు సార్. తేడా ఉంటే ఉందని చెప్పండి. నేను సరి చేసుకుంటా. చేతికి అలవాటే, కాస్త దారి చూపిస్తే చాలు."

ఆ వారమే పాత చేదు అయిపోయి, జబ్బు తర్వాత నానబెట్టిన కొత్త సీసా దించాడు. గ్లాసు కలిపి, పాత అలవాటు కొద్దీ ముఖం ముందు మూడుసార్లు తిప్పి, నా ముందు పెట్టాడు. తాగాను. లవంగం నాలికను కొరికేసింది. బత్తాయి తొక్క ఎక్కడా లేదు. పాకం మాడింది. ఇది తాలు సరుకు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఆయన కౌంటరు అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, పరీక్ష రాసిన పిల్లాడి మాదిరి.

"అచ్చం అదే మాస్టారూ" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నేను మంచిపని చేశాననుకున్నాను. థూ, నా తెలివి తగలెయ్య. ఎకరాకు లక్షలు పోసి పండించిన రైతుకు మొహాన కొట్టినట్టు నిజం చెప్పిన నోరు, దారి చూపించండి చాలు అన్న మనిషికి అబద్ధం చెప్పింది. ఆ రోజే లవంగం ఎక్కువైందని ఒక్క మాట అంటే, సరిచేసుకునేవాడేమో. నలభై రోజులు ఆగి ఇంకో సీసా, అది కాకపోతే ఇంకోటి. చేతిలో విద్య ఉంది, పక్కన నా ముక్కుంది. ఏదో ఒకనాటికి దారిన పడేది. ఆ దారి నేనే మూసేశాను.

ఒకసారి చెప్పాక రెండోసారి మార్చడం ఎలా? ఏడాది పైనే చెప్పాను. అచ్చం అదే, అచ్చం అదే. పోనుపోను గ్లాసు పెదవికి తగలకముందే ఆ మాట వచ్చేసేది. తాగినట్టు నటించి, చెయ్యి కడుక్కునే చోట ఒంపేసిన రోజులూ ఉన్నాయి.

పొగాకు పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఒక గురువారం సగం గ్లాసు వదిలేశాడు. ఇంకో గురువారం ఒక గుక్క తాగి సోడా అడిగాడు. లేచేటప్పుడు తల ఊపలేదు. తర్వాత రావడం మానేశాడు.

"పెద్దాయన ఎందుకు రావట్లేదంటారు సార్?"

"వయసైపోయింది కదండీ. మోకాళ్లేమో" అన్నాను. ఆ ముందురోజే ఆయన్ను ఇంకో బారు మెట్లెక్కుతుంటే చూశాను.

మాస్టారు గ్లాసులు తుడుచుకుంటూ చాలాసేపు నా వైపే చూశాడు.

రెండు వారాల తర్వాత అనుకుంటా. యార్డులో ఆ రోజు ధర పడిపోయి గొడవ గొడవగా ఉంది. తల బరువెక్కి వచ్చి చివర కుర్చీలో కూలబడ్డాను. ఆయన అడక్కుండానే గ్లాసు తెచ్చి పెట్టాడు. ఒక గుక్క తాగాను. బుర్ర యార్డులోనే ఉంది.

"ఎట్టుంది సార్?"

"అచ్చం అదే మాస్టారూ. మీ చెయ్యి ఎక్కడికి పోద్ది?"

ఆయన జేబులోంచి చేదు సీసా తీసి నా గ్లాసు పక్కన పెట్టాడు. మూతకు మైనం అలాగే ఉంది. కొత్త సీసా, ఇంకా విప్పలేదు.

"ఇందులో చేదు వెయ్యలేదు సార్" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాలిక మీద. తీపి. ఉత్త తీపి విస్కీ. దగ్గుమందు.

ఏం చెబుతాను? బాధపడతారని అలా అన్నానని, మీ మొహం చూడలేక అన్నానని నసిగాను. ఆయన గ్లాసు తీసుకుని వెళ్లి ఒంపేసి, కడిగి, బోర్లించాడు. తిరిగొచ్చి మామూలు పెగ్గూ సోడా పెట్టాడు.

"పోన్లెండి సార్. మీరు మంచి ఉద్దేశంతోనే చెప్పుంటారు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది. "ఏడాదంతా నేను ఏం కలిపానో ఇప్పుడు నాకెవరు చెప్తారు?"

ఆ శనివారం బస్సెక్కి వెళ్లినవాడు సోమవారం రాలేదు. పని మానేశానని ఓనరుకు ఫోన్ చేశాడట. నేను ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తాడు. బాగున్నారా అంటే బాగున్నానన్నాడు. సరుకు ఎలా వస్తోంది సార్ అని యార్డు సంగతులు అడిగాడు. మూడోసారి నేను చెయ్యలేదు. సిగ్గేసింది, అంతకంటే ఏం లేదు.

ఎనిమిది నెలలకు కబురొచ్చింది, నిద్రలోనే గుండె ఆగిందని. వెళ్లేసరికి సమాధుల దొడ్డిలో ప్రార్థన అయిపోయి మట్టి వేస్తున్నారు. జనం పల్చగా ఉన్నారు. నా వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"అన్నేళ్లు సీసాల మధ్య ఉండి తాగలేదంటే ఎవడు నమ్ముతాడ్రా?"

"ఏదో ఒకరోజు బయటపడాల్సిందేగా. పడింది."

నాకు అర్థం కాలేదు. ఇంటికి వెళ్లాక ఆయన భార్య చెప్పింది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సంఘంలో ఆడవాళ్ల కూటం నడుపుతుంది. అందరూ వెళ్లేదాకా ఆగి, నాకు మంచినీళ్లిచ్చి, గడపకు ఆనుకుని కూచుంది.

"పని మానేసి ఇంటికొచ్చిన వారమేనండి అన్నయ్యగారూ. మధ్యాహ్నం పూట నన్ను కరేపాకు తెమ్మని పంపాడు. నేనొచ్చేసరికి బల్ల మీద గ్లాసుంది, విస్కీ సీసా ఉంది, బెల్లం పాకం, ఇంకేదో చిన్న సీసా. గ్లాసు సగం ఖాళీ. తాగాడండి. నా కళ్లతో చూశా."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఏం చేశావయ్యా అంటే, చూడాల్సొచ్చింది అన్నాడు. ఏం చూశావంటే, ఏం లేదు, నీళ్లు అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలా. నేనెవరికీ చెప్పలేదండి. తనే వెళ్లి పాస్టరుగారి ముందు ఒప్పుకున్నాడు, అది నోటా నోటా పడి ఊరంతా పాకింది. ఇక అప్పట్నుంచి వెనక వరసలో కూచునేవాడు. ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్లెం దగ్గరకొస్తే పక్కవాళ్లకి అందించేవాడు, తను తీసుకునేవాడు కాదు. పాస్టరుగారు తీసుకోమన్నా వద్దన్నాడు. ఆ రొట్టె ముక్క తీసుకోకుండానే పోయాడండి."

ఆవిడ ఏడవలేదు. కొంగుతో గడప మీది దుమ్ము తుడిచింది.

"జనం అనేది నాకు బాధ లేదు. ఎందుకు తాగాడో తెలిస్తే చాలు నాకు. నలభై ఏళ్లు పట్టుకున్న మాట, ఆ ఒక్క మధ్యాహ్నం ఎందుకు వదిలేశాడో." నా వైపు చూసింది. "మీ గురించి చెబుతుండేవాడు అన్నయ్యగారూ. యార్డు మొత్తం మీద అబద్ధం చెప్పని మనిషి ఆయనొక్కడే అని. పోయే ముందు కూడా అన్నాడు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. అక్కడేమన్నా జరిగిందా? మీకేమన్నా తెలుసా?"

పోయే ముందు కూడా అన్నాడట. నా పరువు తీయకుండా పోయాడు. చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గడపకు ఆనుకుని, నా నోటి వంక చూస్తోంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆవిడ తల దించుకుంది.

"సరేలెండి. మీకే తెలియదంటే ఇక ఎవరికీ తెలియదు" అని, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.